చెకుముకి రాళ్ళ దారిలో: ఎంపోరియాకు రెండుసార్లు

ఎంపోరియా వెళ్ళాలనుకునేవాళ్ళు ఏ సైకిల్, ఏ టైరు అని మొదలుపెడతారు. నన్నడిగితే ముందు గది సంగతి చూసుకోమంటాను. కాన్సాస్ రాష్ట్రంలో ఇరవై నాలుగు వేల జనాభా ఉన్న ఊరది. కంకర దారుల మీద సైకిళ్ళతో సాగే అన్‌బౌండ్ గ్రావెల్ పోటీ అక్కడ జరిగే వారాంతంలో సైకిల్ తొక్కేవాళ్ళే నాలుగు వేల మందికి పైగా దిగుతారు. వాళ్ళ వెంట వచ్చేవాళ్ళు వేరే. పోటీలో చోటు కోసం వేసే లాటరీలో పేరు వచ్చిందని తెలిసిన గంటలోనే నేను ఫోన్లు మొదలుపెట్టాను. అప్పటికే హైవే పక్కన ఉన్న మోటళ్ళు సగం నిండిపోయాయి.

నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి మా తమ్ముడు రెండు వందల మైళ్ళ పోటీలో ఉంటే వాడికి సాయంగా కారులో తిరిగాను. రెండోసారి నేనే వంద మైళ్ళు తొక్కాను. రెండుసార్లూ డల్లాస్ నుంచి కారులోనే బయల్దేరాం. ఐ-35 హైవే పట్టుకుంటే ఓక్లహోమా సిటీ, విచిటా దాటుకుని నేరుగా ఎంపోరియాలో దింపుతుంది. దాదాపు 450 మైళ్ళు, ఆగుతూ వెళ్తే ఎనిమిది గంటలు. ఆ దారిలో వచ్చే టోల్ రోడ్డు కాన్సాస్ టర్న్‌పైక్ మీద 2024 నుంచి డబ్బు కట్టే బూతులు తీసేశారు, మా టెక్సస్ టోల్‌ట్యాగ్ అక్కడా పనిచేసింది. విమానంలో వచ్చేవాళ్ళకు కాన్సాస్ సిటీ నుంచి కారులో రెండు గంటలు పడుతుంది. విచిటా ఇంకా దగ్గరే కానీ విమానాలు తక్కువ.

మొదటిసారి హైవే పక్కన ఒక మోటల్‌లో దిగాం. మూడు రాత్రులు తీసుకుంటేనే గది ఇస్తామన్నారు, మామూలు రోజుల ధరకు మూడింతలు వసూలు చేశారు. ధర సంగతి నేను పట్టించుకోలేదు, పోటీ ఉన్న ఊళ్ళో అది మామూలే. బాధ పెట్టింది వేరే. సైకిళ్ళు గదిలోకి తీసుకురావద్దని రిసెప్షన్‌లో చెప్పారు. బుక్ చేసినప్పుడు ఆ మాట లేదు. రాత్రంతా సైకిల్‌ను కారులో పెట్టి, గంటకోసారి కిటికీలోంచి చూసుకుంటూ తమ్ముడు సరిగ్గా నిద్రపోలేదు. పోటీకి ముందు రాత్రి నిద్ర చెడితే ఆ నష్టం పూడ్చడానికి మార్గం లేదు. అందుకే గది బుక్ చేసేటప్పుడు సైకిల్ లోపలికి తేవచ్చా, బయట కడుక్కోవడానికి నీళ్ళ పైపు ఉందా అని ఈ రెండూ అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

రెండోసారి ఎంపోరియా స్టేట్ యూనివర్సిటీ హాస్టల్ గది తీసుకున్నాం. సన్నటి పరుపులు, బాత్రూమ్ నడవా చివర. దుప్పట్లు, దిండ్లు మేమే తీసుకెళ్ళాం. అయినా ఇప్పుడు మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాను. యూనివర్సిటీ ఉన్నది కమర్షియల్ స్ట్రీట్ ఉత్తరం కొసన. పోటీ మొదలయ్యేదీ ముగిసేదీ ఆ వీధిలోనే, గ్రనాడా థియేటర్ దగ్గర. తెల్లవారుజామున కారు, పార్కింగ్, టెన్షన్ ఏమీ లేకుండా సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళి లైన్‌లో నిలబడ్డాను. తిరిగొచ్చేటప్పుడు చివరి మైలు క్యాంపస్ గుండానే సాగుతుంది. ఒంట్లో సత్తువ లేనప్పుడు నేను పడుకోబోయే భవనం కళ్ళెదుట కనిపించింది. అప్పుడు కాళ్ళకు వచ్చిన బలం నాకు ఇంకా గుర్తుంది. నడవాలో ఎవరి గది తలుపు చూసినా తెరిచే ఉండేది. నేలంతా టైర్లు, గొలుసు నూనె డబ్బాలు. పక్క గదిలో ఒక పెద్దాయన తన దగ్గర ఎక్కువగా ఉన్న టైరు సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) సీసా నా చేతిలో పెట్టి వెళ్ళారు. మోటల్‌లో మూడు రోజులున్నా పక్క గదివాళ్ళ ముఖం చూడలేదు.

టెంట్ వేసుకునేవాళ్ళూ ఉన్నారు. జూన్ మొదట్లో అక్కడ గాలి, ఉరుముల వాన ఎప్పుడు వస్తాయో చెప్పలేం కాబట్టి నేను ఆ ధైర్యం చేయలేదు.

ఇక దారి సంగతి. ఈ పోటీ 2006లో డర్టీ కాంజా అనే పేరుతో 34 మందితో మొదలైంది. 2020లో పేరు మార్చారు. అప్పట్లో కంకర దారుల కోసమే చేసిన గ్రావెల్ బైక్ అంటూ ప్రత్యేకంగా దుకాణాల్లో దొరికేది కాదు. మౌంటెన్ బైక్ ఉన్నవాళ్ళు దానితో, సైక్లోక్రాస్ బైక్ (బురద, గడ్డి మీద పందేలకు వాడేది) ఉన్నవాళ్ళు దానితో వచ్చారు. ఇప్పటికీ లైన్‌లో నిలబడి చూస్తే మూడు లోకాలు కలిసినట్టే ఉంటుంది. 2021లో గెలిచిన ఇయన్ బాస్వెల్ అంతకు ముందు టూర్ డి ఫ్రాన్స్ తొక్కిన రోడ్ రేసర్. 2022లో ఆడవాళ్ళలో గెలిచిన సోఫియా గోమెజ్ విల్లఫాన్యె అర్జెంటీనా తరఫున మౌంటెన్ బైకింగ్‌లో ఒలింపిక్స్‌కు వెళ్ళినామె. 2023లో గెలిచిన కీగన్ స్వెన్సన్‌ది కూడా మౌంటెన్ బైకింగే. ఎందుకిలా అనేది దారి మీదకు వెళ్తేనే అర్థమవుతుంది. ఊరు దాటేవరకు తారు రోడ్డు మీద గుంపులో దగ్గరదగ్గరగా పోవడం రోడ్ రేసర్ల విద్య. తర్వాత మైళ్ళకు మైళ్ళు కంకర. మధ్యమధ్యలో 'మినిమమ్ మెయింటెనెన్స్ రోడ్' (మరమ్మతులు అంతంతమాత్రమే) అని బోర్డు పెట్టిన బండి బాటలు వస్తాయి. అక్కడ గాడిలో చక్రం ఇరుక్కోకుండా దిగడానికి మౌంటెన్ బైక్ అలవాటే కావాలి.

ఆ నేలంతా చెకుముకి రాయి. ఫ్లింట్ హిల్స్ అన్న పేరు దానివల్లే వచ్చింది. సున్నపురాయి పొరల్లో చెకుముకి, పైన పలచటి మట్టి. నాగలి దిగదు కాబట్టి ఆ కొండలను ఎవరూ దున్నలేదు. ఉత్తర అమెరికాలో ఒకప్పుడు నిలువెత్తు గడ్డి మైదానాలు ఎంత ఉండేవో, వాటిలో ఇప్పుడు మిగిలింది 4 శాతం కన్నా తక్కువ. అందులో ఎక్కువ భాగం ఇక్కడే ఉంది. గడ్డిని కాపాడిన రాయే టైర్లను కోస్తుంది. నేను 45 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైర్లు వేసుకున్నాను. నలభయ్యో మైలు దాటాక వెనక టైరు పక్క గోడ బెత్తెడు చీలింది. చిల్లులో గుచ్చి మూసే ప్లగ్ నిలవలేదు. లోపల అడ్డుగా ప్యాచ్ ముక్క పెట్టి, ట్యూబ్ ఎక్కించి లేచేసరికి ఇరవై అయిదు నిమిషాలు పోయాయి. ఆ సమయంలో నన్ను దాటి వెళ్ళినవాళ్ళలో చాలామంది "అన్నీ ఉన్నాయా?" అని అడిగే వెళ్ళారు. రెండు ట్యూబులు, ప్లగ్‌లు, టైరు లోపల పెట్టడానికి గట్టి ముక్క, పంపు లేకుండా బయల్దేరవద్దు.

వాన పడితే అదే మట్టి జిగురైపోతుంది. 2023లో పోటీ మొదలైన కాసేపటికే బురదలో దిగబడి, మైళ్ళ కొద్దీ సైకిళ్ళు భుజాన వేసుకుని నడిచారు. గేర్లు విరిగి అక్కడే ఆగిపోయినవాళ్ళున్నారు. పాతకాపులు జేబులో రంగు కలిపే చెక్క పుల్ల ఒకటి పెట్టుకుంటారు, చక్రానికి ఫ్రేముకు మధ్య మట్టి గోకడానికి. నేనూ పెట్టుకున్నాను. ఒక్క వాగు దగ్గర వాడాను, చాలా ఉపయోగపడింది. బురద కనిపించగానే దిగి, పక్క గడ్డిలో మోసుకుపోవడమే మంచిది. తొక్కి చూద్దాం అనుకుంటే గేరు పోతుంది.

సాయానికి వెళ్ళేవాళ్ళ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది నాకు ముందు ఎవరూ చెప్పలేదు. రెండు వందల మైళ్ళ పోటీలో రెండు చెక్‌పాయింట్లు. మన మనుషులు సాయం చేయగలిగేది అక్కడే. దారి మధ్యలో నీళ్ళ సీసా అందించినా నియమం తప్పినట్టే. కార్లు పోటీ దారి మీదకు వెళ్ళకూడదు, నిర్వాహకులు చూపిన రోడ్లలోనే వెళ్ళాలి. తొక్కలేక మానేసినవాళ్ళను తెచ్చుకునే బాధ్యత కూడా సాయం వెళ్ళినవాళ్ళదే. ఆ కొండల మధ్య ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, కారు ట్యాంకు ఎంపోరియాలోనే నింపుకోండి.

మా చెక్‌పాయింట్లలో ఒకటి మాడిసన్ అనే పల్లె. కొన్ని వందల మంది ఉండే ఊరు. ఊరంతా వీధిలో కుర్చీలేసుకుని కూర్చుంది. పిల్లలు గంటలు మోగిస్తున్నారు, స్కూలు వాళ్ళు తినడానికి ఏవో అమ్ముతున్నారు. నేను నీడ చూసుకోకుండా ఎండలో సామాను పరుస్తుంటే ఒకావిడ వచ్చి తన ఇంటి ముందు చెట్టు కింద పెట్టుకోమంది. ఐస్ కూడా ఇచ్చింది. తమ్ముడు వచ్చేసరికి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఎనర్జీ జెల్ చేతికిస్తే తోసేశాడు. "అక్కా, పెరుగన్నం ఉందా?" అన్నాడు. ఉప్పు కాస్త ఎక్కువ వేసి కలిపిన పెరుగన్నం ఐస్‌బాక్సులో పెట్టి ఉంచాను. నిలబడే రెండు డబ్బాలు తిన్నాడు. జెల్‌లు ఎన్ని కొన్నా, ఎనిమిది గంటలయ్యాక కడుపు ఇంటి తిండినే అడుగుతుంది. అలవాటైనది ఏదైనా ఒకటి తప్పక ఉంచండి.

తోడు ఎవరూ లేనివాళ్ళకు అక్కడ డబ్బు కట్టి సాయం మాట్లాడుకునే ఏర్పాటు కూడా ఉంది. మా పక్కనే చూశాను. నీళ్ళు, తిండి, గొలుసుకు నూనె వరకు బాగానే చేస్తున్నారు. కానీ ఒకేసారి ముప్పై మంది వస్తే తమ సంచి వెతుక్కోవడానికే రైడర్లు పది నిమిషాలు నిలబడ్డారు. ఒంటరిగా వచ్చేవాళ్ళకు అది చాలు. సూర్యాస్తమయం లోపు చేరాలని పట్టుదల ఉన్నవాళ్ళు మాత్రం సొంత మనిషిని తెచ్చుకోవాలి. వెలుగుండగా ముగించినవాళ్ళకు ప్రత్యేక గుర్తింపు ఉంటుంది. తమ్ముడికి అది పదకొండు నిమిషాల తేడాతో పోయింది. ఆ నిమిషాలు మోటల్‌లో నిద్ర లేని రాత్రికి చెల్లించాడని నేను ఇప్పటికీ నమ్ముతాను.

డౌన్‌టౌన్‌లో కంపెనీల డేరాల దగ్గర మెకానిక్‌లు ఉంటారు, పని మంచిదే. గురువారమే వెళ్ళండి, శుక్రవారం మధ్యాహ్నానికి క్యూ వీధి మలుపు దాటింది. శాకాహారులకు రెస్టారెంట్లలో బీన్స్ బరిటో, చీజ్ పిజ్జా తప్ప పెద్దగా దొరకలేదు. వాల్‌మార్ట్ ఉంది కాబట్టి ఇబ్బంది పడలేదు.

ఆదివారం వెంటనే తిరిగి బయల్దేరకండి. పడమరగా ఇరవై మైళ్ళ దూరంలో, స్ట్రాంగ్ సిటీ దగ్గర, టాల్‌గ్రాస్ ప్రెయిరీ నేషనల్ ప్రిజర్వ్ ఉంది. దాదాపు 11 వేల ఎకరాలు, ప్రవేశ రుసుము లేదు. 2009లో అడవిదున్నలను మళ్ళీ తెచ్చి వదిలారు. పక్కనే కాటన్‌వుడ్ ఫాల్స్‌లో 1873 నాటి సున్నపురాయి కోర్టు భవనం ఇప్పటికీ వాడుకలో ఉంది. కాళ్ళు పట్టేసి మెల్లగా నడుస్తుంటే, నిన్న తల వంచుకుని తొక్కిన కొండలను ఈ రోజు తలెత్తి చూశాం. గడ్డి అప్పటికి మోకాలి ఎత్తే ఉంది, ఆకురాలు కాలానికి మనిషెత్తు పెరుగుతుందని అక్కడి రేంజర్ చెప్పారు. దూరంగా దున్నల మంద కదులుతుంటే తమ్ముడు కంచె మీద చేతులానించి చాలాసేపు చూశాడు.

"వచ్చే ఏడు లాటరీ ఎప్పుడు తెరుస్తారక్కా?" అని అడిగాడు.