మీటరు మంచిదే, దాని సగటుతోనే నా పేచీ

రక్తం ఎంత కావాలి, అంకె ఎన్ని సెకన్లలో వస్తుంది, ఇవన్నీ డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నా. వేలు గుచ్చి రక్తంలో షుగర్ చూసుకునే ఈ గ్లూకోమీటర్ మా ఇంట్లో ఏళ్లుగా ఉంది. ఇన్నాళ్లకీ నా కోపం దానిలోని ఒక్క సదుపాయం మీదే: 7, 14, 30 రోజుల సగటు చూపించే బటన్.

కొన్న కొత్తలో దాన్ని చూసే మురిసిపోయాను. నోటు పుస్తకంలో రాసుకునే బాధ తప్పింది. పొద్దున్నే పరగడుపున వేలు గుచ్చుకోవడం, నెలాఖరున బటన్ నొక్కడం. 141 అని చూపించేది. డాక్టరమ్మ నాకు పెట్టిన హద్దులు పరగడుపున 130, తిన్న రెండు గంటలకి 180. గీత కాస్తే దాటింది కదా అని ఇంట్లో అందరం నిశ్చింతగా ఉన్నాం.

అదే రోజుల్లో బరువు కూడా తగ్గింది, 68 నుంచి 64కి. అన్నం మానలేదు, నెయ్యి మానలేదు. సాయంత్రం నడక అప్పుడే మొదలెట్టాను గనక ఆ పుణ్యమంతా నడక ఖాతాలో పడింది. ఓ పెళ్లిలో మా ఆడపడుచు చూసి, "వదినా, నువ్వేం తింటున్నావో చెప్పు, నేనూ అదే తింటా" అంది. జాకెట్లకి లోపల ఇంకో కుట్టు వేయించాను. దాహం బాగా వేసేది, రాత్రిళ్లు రెండు మూడుసార్లు లేచేదాన్ని. కాకినాడలో మే నెలలో దాహం వేయనిదెవరికి?

తర్వాత హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చేయిస్తే 8.6 శాతం వచ్చింది. అంటే గడిచిన రెండు మూడు నెలల్లో షుగర్ సగటున 200 దగ్గర ఉన్నట్టు. మీటరేమో 141 అంటోంది. రక్తహీనత ఉంటే ఆ పరీక్ష తప్పుదారి పట్టిస్తుందని అది కూడా చూశారు, లేదు. అప్పుడు డాక్టరమ్మ మీటరు అడిగి తీసుకుని, సగటు జోలికి పోకుండా పాత రీడింగులు ఒక్కొక్కటే వెనక్కి తిప్పుతూ పోయారు. ఉదయం ఆరు, ఆరుంబావు, మళ్లీ ఆరు. "అన్నం తిన్నాక ఒక్కటీ లేదేమ్మా?" అన్నారు.

ఆ మధ్యాహ్నమే మొదటి ముద్ద నుంచి లెక్కేసి రెండు గంటలకి చూస్తే 287.

బరువు సంగతీ అక్కడే తేలింది. రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే మూత్రపిండాలు పట్టి ఉంచలేవట, మూత్రంలో వదిలేస్తాయి. పోయిన ప్రతి గ్రాము గ్లూకోజుతో దాదాపు 4 కేలరీలు పోయినట్టే. ఆ లోటుకి ఒళ్లు కొవ్వునీ కండనీ కూడా కరిగిస్తుంది. నీళ్లూ దానితోపాటే పోతాయి గనక దాహం. అందరూ మెచ్చుకున్న నా సన్నదనం అదన్నమాట! మందు మార్చాక షుగర్ దిగింది, బరువు మాత్రం రెండు కిలోలు తిరిగొచ్చింది. ముందే చెప్పి ఉంచారు కాబట్టి సరిపోయింది, లేకపోతే కొత్త మందునే తిట్టుకునేదాన్ని. ఇప్పుడు కాటా కన్నా టేపునే ఎక్కువ చూస్తున్నాను. మన ఆడవాళ్లకి నడుం కొలత 80 సెంటీమీటర్లలోపు ఉండాలంటారు, నాకింకా దూరమే.

మీటరు మీద గౌరవం పెరిగింది మాత్రం జంటగా చూడటం మొదలెట్టాకే, తినకముందు ఒకటి, తిన్నాక ఒకటి. పెసరట్టు ఒక్కటే తిన్నరోజు ఎక్కేది 40 లోపే. అందులో ఉప్మా చేరిందా, 90 దాటుతుంది. (ఉప్మా లేని పెసరట్టు పెసరట్టేనా అని మావారి అభ్యంతరం. ఆయనకి షుగర్ లేదు.) ఇది నా ఒంటి లెక్క, మీది వేరే ఉండొచ్చు. ఇలాంటి తేడాల్నే ఆ సగటు మింగేస్తుంది. మీరు ఏ వేళ గుచ్చుకుంటే ఆ వేళకే సగటు కడుతుంది, మిగతా రోజుతో దానికి పనిలేదు. ఆ ముక్క తెర మీద ఎక్కడా రాసి ఉండదు.

అంకెలు కచ్చితంగా ఉంటాయని మా చెల్లెలికి గట్టిగా చెప్పి కొనిపించాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. 100 పైన 15 శాతం అటూ ఇటూ ఉన్నా ఈ మీటర్ల ప్రమాణం ఒప్పుకుంటుంది, అంటే అసలు 200 ఉంటే 170 చూపినా 230 చూపినా పాసే. మామిడిపండు కోసిన చెయ్యి సబ్బుతో కడగకుండా గుచ్చుకుంటే ఇంకా ఎక్కువ చూపిస్తుంది. స్ట్రిప్పుల సీసా మూత వెంటనే బిగించాలి, మా సముద్రపు గాలి తేమకి అవి ఊరికే పాడైపోతాయి. మీటరు ఒక్కసారి కొంటాం, స్ట్రిప్పులు నెలనెలా కొంటాం, కాబట్టి మీ వీధి మందుల షాపులో ఏవి దొరుకుతాయో ముందు కనుక్కోండి.

కొనమనే అంటాను, మాత్రల మీదున్న నాలాంటివాళ్లకైతే. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకీ, షుగర్ ఉన్నట్టుండి పడిపోయేవాళ్లకీ ఎప్పుడెప్పుడు చూసుకోవాలో డాక్టరే చెప్పాలి. రీడింగు పక్కన తిండికి ముందా తర్వాతా అని గుర్తు పెట్టుకునే వీలుండి, రెండింటికీ సగటు విడివిడిగా చూపించే మోడల్ దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే తీసుకోండి. నా దాంట్లో అది లేదు, బాగా పనిచేస్తున్నదాన్ని పారేయడానికి మనసూ ఒప్పట్లేదు.