ఇన్నోవేషన్ ఎకనామిక్స్ చదవాలంటే ఎకనామిక్స్ డిపార్ట్‌మెంటా, పాలసీ ప్రోగ్రామా? ఏది మేలు?

చెన్నైలో బీటెక్ చేసినవాళ్లో, కొట్టూర్‌పురంలో మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఎంఏ చేస్తున్నవాళ్లో, మన తెలుగు పిల్లలు ఈ మధ్య ఇదే అడుగుతున్నారు. కొత్త ఆవిష్కరణలు ఎకానమీని ఎలా పెంచుతాయో తేల్చినందుకు 2025 ఎకనామిక్స్ నోబెల్ మోకీర్, అగియోన్, హోవిట్‌లకి వచ్చాక మరీ ఎక్కువైంది. ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేసి ఇన్నోవేషన్‌ని ఫీల్డ్‌గా తీసుకోవాలా, లేక బ్రిటన్‌లో ససెక్స్ యూనివర్సిటీ వాళ్ల సైన్స్ పాలసీ సెంటర్ స్ప్రూ, నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్‌లో ఉన్న ఐక్యరాజ్యసమితి యూనివర్సిటీ సంస్థ యూఎన్‌యూ మెరిట్ లాంటి పాలసీ ప్రోగ్రాముల్లో నేరుగా అదే చదవాలా అని.

పైకి రెండూ ఒకటే సబ్జెక్టులా కనిపిస్తాయి గానీ లోపల చాలా తేడా ఉంది. మన ఊరి కేసే ఒకటి చూద్దాం. గ్లివెక్ అనే బ్లడ్ క్యాన్సర్ మందుకి నోవార్టిస్ పెట్టుకున్న పేటెంట్ అప్లికేషన్‌ని 2006లో కొట్టేసింది చెన్నై పేటెంట్ ఆఫీసే, ఇప్పుడు గిండీలో ఉందే అదే. 2013లో సుప్రీంకోర్టు కూడా పాత మందుకి చిన్న మార్పు చేసి, అది ఇంకా బాగా పనిచేస్తుందని చూపించకపోతే పేటెంట్ ఇవ్వొద్దనే సెక్షన్ 3డి కింద కుదరదని తేల్చేసింది. దీని వెనక ఉన్న కథ ఏంటంటే, 1970 చట్టం మందుల మీద ప్రోడక్ట్ పేటెంట్ తీసేసి ప్రాసెస్‌కి, అంటే తయారుచేసే పద్ధతికి మాత్రమే ఉంచింది, దాంతో అదే మందుని వేరే పద్ధతిలో మన కంపెనీలు చేసుకోగలిగాయి, 2005లో ప్రోడక్ట్ పేటెంట్ మళ్లీ వచ్చింది.

మరి అలా తిరిగొస్తే ఎవరికి లాభం, ఎవరికి నష్టం? ఎకనామిక్స్ వాళ్లు ఇక్కడ డిమాండ్ ఎస్టిమేట్ చేస్తారు, అంటే ధర మారితే జనం ఎంత కొంటారో లెక్కకడతారు. చౌధురి, గోల్డ్‌బర్గ్, జియా 2006 పేపర్‌లో సిప్రోఫ్లోక్సాసిన్ రకం యాంటీబయాటిక్స్ తీసుకుని, మన కంపెనీల మందులు మార్కెట్‌లో లేకుండా పోతే ఏమవుతుందో లెక్కేశారు. ఏడాదికి దేశానికి నష్టం సుమారు 30.5 కోట్ల డాలర్లు, అందులో ఎక్కువ భాగం మందు కొనేవాళ్లదే, విదేశీ కంపెనీలకి అదనంగా మిగిలేది 2 కోట్ల డాలర్లు కూడా కాదు. ఇలా ఒక అంకె చేతికొస్తుంది, అది ఎలా వచ్చిందో ప్రతి స్టెప్పునీ ఎవరైనా నిలదీయొచ్చు, నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చేది అదే.

స్ప్రూ వాళ్లు అడిగేది వేరు. అసలు మన కంపెనీలకి ఆ మందులు చెయ్యడం ఎలా వచ్చింది? సోవియట్ సాయంతో హైదరాబాద్‌లో పెట్టిన ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్‌లో అంజిరెడ్డి గారు పనిచేశారు, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఒక పబ్లిక్ సెక్టార్ ఫ్యాక్టరీలో వంటబట్టిన పని మనుషులతో పాటు బయటికొచ్చి ఊరంతా పాకడం అనేది ఏ డిమాండ్ కర్వ్‌లోనూ దొరకదు, ఎకనామిస్ట్ ఫ్రీమన్ 1966లో స్ప్రూ పెట్టింది, నెల్సన్, వింటర్ అనే ఇద్దరు ఎకనామిస్టులు 1982లో పుస్తకం రాసింది ఇలాంటివాటి గురించే.

ఐనా నన్నడిగితే, మ్యాథ్స్ అంటే భయం లేనివాళ్లకి ఎకనామిక్స్ డిపార్ట్‌మెంటే మేలు. ఫస్టియర్ అంతా మైక్రో, మాక్రో, ఎకనోమెట్రిక్స్ (డేటాతో స్టాటిస్టిక్స్ లెక్కలు)తోనే సరిపోతుంది, ఇన్నోవేషన్ ఊసే ఉండదు, అప్పుడు చాలామందికి నీరసం వస్తుంది కానీ ఓపిక పట్టండి. కంపెనీల చరిత్ర తర్వాతైనా సొంతంగా చదువుకోవచ్చు, ఎకనోమెట్రిక్స్ మాత్రం ముప్పై దాటాక ఒంటరిగా కూర్చుని నేర్చుకోవడం చాలా కష్టం. ఉద్యోగాల్లో కూడా ఎకనామిక్స్ పీహెచ్‌డీకి తలుపులు ఎక్కువ. అయితే ఒకటి, అక్కడ పేటెంట్ల మీదో ఆర్ అండ్ డీ మీదో పనిచేసే ప్రొఫెసర్ ఒక్కరైనా ఉన్నారో లేదో చూసుకోకుండా ర్యాంకు చూసి చేరకండి, గైడ్ లేకపోతే ఎంత పెద్ద పేరున్న చోటైనా దండగే.

మేనేజ్‌మెంట్ పీహెచ్‌డీ కూడా ఉంది, ఐఐఎం బెంగళూరు, ఐఐటీ మద్రాస్ లాంటివి. కంపెనీ లోపల ఏం జరుగుతుందన్నదే మీ ఆసక్తి ఐతే మంచిదే.

ల్యాబ్‌లోనో పేటెంట్ లాయర్ దగ్గరో కొన్నేళ్లు పనిచేసి ప్రభుత్వ పాలసీ వైపు వెళ్దామనుకునేవాళ్లకి మాత్రం నేను స్ప్రూ, మెరిట్ అనే చెప్తా.

ఇంకా తేలట్లేదంటే పేటెంట్ ఆఫీసు సైట్‌లో పేటెంట్లు వెతికే ఇన్‌పాస్ ఓపెన్ చేసి, ఏదో ఒక ఫార్మా కంపెనీ అప్లికేషన్లు, వాటికొచ్చిన ఎగ్జామినేషన్ రిపోర్టులు ఒక వారం చదవండి, డబ్బులేం కట్టక్కర్లేదు. ఇవన్నీ టేబుల్‌లో పెట్టి 2005కి ముందూ వెనకా పోల్చాలనిపిస్తే ఎకనామిక్స్, ఈ ఇన్వెంటర్ ఎక్కడ పని నేర్చుకున్నాడో వెళ్లి అడగాలనిపిస్తే స్ప్రూకి అప్లై చెయ్యండి.