సూపర్‌మార్కెట్ సొంత బ్రాండు ఇంజిన్ ఆయిల్: 16 నెలలు, 4 డబ్బాలు, ఒక ఘాట్ రోడ్డు

ఆరు నెలలు వాడినప్పుడు ఈ ఆయిలుకు నాలుగు నక్షత్రాలు ఇచ్చింది నేనే. సగం ధరకే దొరుకుతుంటే డబ్బా మీది బొమ్మకు ఎవరు డబ్బు పోస్తారు అని గొప్పగా రాసిందీ నేనే. అది చదివి మా ఆఫీసులో ఇద్దరు కొన్నారు. వాళ్ల మొహం చూడాలి కాబట్టి మళ్లీ రాస్తున్నా.

బండి 2014 స్ప్లెండర్. రోజూ తిరుపతి నుంచి రేణిగుంటకు పోయి రావడమే దాని పని, అంతా చదును రోడ్డు. ఆయిల్ కొన్నది నెల సరుకులు తెచ్చుకునే చోటే, ఫినాయిల్ సీసాల పక్క అరలో. 900 మిల్లీలీటర్లు 190 రూపాయలు. అంతకుముందు పోయించిన కంపెనీది 380. మొదటి డబ్బా తీసుకెళ్లినప్పుడు మా మెకానిక్ అన్న మూత తీసి, వేలి మీద ఒక చుక్క వేసుకొని, బొటనవేలితో రుద్ది చూసి, ఏమీ అనకుండా పోశాడు. ఏమీ అనలేదంటే బాగుందనుకున్నాను.

ఇంజిన్ చప్పుడు తగ్గిందని, మైలేజీ పడిపోలేదని అప్పుడు రాశాను. రెండూ అబద్ధం కాదు. కాకపోతే ఆ మెత్తదనం వెయ్యి కిలోమీటర్ల ముచ్చటే. పదిహేను వందలు దాటితే గేర్లు మొరాయించేవి. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడక, క్లచ్ నొక్కిపట్టుకుని వేళ్లు తిమ్మిరెక్కేదాకా నిలబడిన రోజులున్నాయి. బండి పాతది గదా అని సర్దుకుపోయాను. ఆ సంగతి మాత్రం రాయలేదు.

పోయిన నెల ఒక శనివారం అమ్మను వెనక కూర్చోబెట్టుకుని తిరుమల కొండకు బయలుదేరాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నడకదారి మానేసి చాన్నాళ్లయింది. అలిపిరి టోల్‌గేటు దాటిన మొదటి రెండు మూడు కిలోమీటర్లు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత మూడో గేరులో యాక్సిలేటర్ తిప్పితే ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం లాగడం లేదు. రెండుకు దించాను. అదే అరుపు. ఒకటికి దించితే కాసేపు ఎక్కింది గానీ, కాలిన వాసన మొదలైంది. లింకు రోడ్డు ఇంకా రాకముందే పిట్టగోడ పక్కన ఆపేశాను.

క్లచ్ వైరు బిగుసుకుపోయి ఉంటుందని లివర్ దగ్గర అడ్జస్టర్ తిప్పి వదులు చేశాను. లాభం లేదు. ఇరవై నిమిషాలు చల్లారనిస్తే కిలోమీటరు దూరం పోయింది, మళ్లీ అదే కథ. ఈ లోపల అమ్మ సంచిలోని అరటిపండ్లు కోతి ఎత్తుకుపోయింది. అమ్మ గోడ మీద కూర్చుని, "నడిచి పోయింటే ఈపాటికి మోకాళ్ల పర్వతం కాడ ఉండేవాళ్లం గదరా నాయినా" అంది. తిట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

ఒక జీపు ఆయన ఆపి అమ్మను పైకి తీసుకెళ్లాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. దారి వన్‌వే, వెనక్కి తిప్పే వీల్లేదు. ఒక్కణ్ణే ఫస్ట్ గేరులో, మధ్య మధ్య ఆగుతూ చేరాను. పైకి 28 నిమిషాలకన్నా ముందే చేరిన కార్లకు జరిమానా ఉంది. నాకు రెండు గంటలు పట్టింది. దిగేటప్పుడు ఇంకో భయం: క్లచ్ జారుతుంటే ఇంజిన్ బ్రేకింగ్, అంటే గేరులో ఉంచితే ఇంజిన్ బండిని పట్టి ఆపడం, కూడా ఉండదు. బరువంతా రెండు డ్రమ్ బ్రేకుల మీదే. అమ్మను బస్సు ఎక్కించి నేను ఆగి ఆగి దిగాను.

మర్నాడు మెకానిక్ అన్న బోల్టు విప్పితే ఆయిల్ పల్చటి రసంలా కారింది. అది పోసి 1,800 కిలోమీటర్లే. కుడివైపు కవర్ తీస్తే తిరుగుతూ మురికి పట్టే ఫిల్టర్ గిన్నెలో నల్లటి ముద్ద, వేలితో గీకి తీయాల్సి వచ్చింది. క్లచ్ ప్లేట్లు అరగలేదు గానీ అద్దంలా నున్నబడ్డాయి, స్టీలు ప్లేట్లు నీలం తిరిగాయి. "కారు క్లచ్ బయట పొడిగా ఉంటాది సామీ, నీ బండి క్లచ్ ఆయిల్లోనే మునిగుంటాది. రెండిటికీ ఒకటే పోస్తే ఎట్లా?" అన్నాడు. మరి మొదటిరోజే చెప్పొచ్చు గదా అంటే, "అప్పుడు చెప్తే నా డబ్బా అమ్ముకునేదానికి అంటున్నానని అనుకుంటావు" అన్నాడు. అనుకునేవాణ్ణే.

నా కోపం ధర మీద కాదు, లేబుల్ మీద. 20డబ్ల్యూ-40 అని, అంటే చిక్కదనం గ్రేడు, ముందువైపు బంగారు అక్షరాలు. కింద "అన్ని 4 స్ట్రోక్ పెట్రోల్ ఇంజిన్లకు". వెనక ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసుకుంటే గానీ కనపడని సైజులో ఏపీఐ ఎస్ఎఫ్. ఏపీఐ అంటే ఇంజిన్ ఆయిళ్లకు నాణ్యత స్థాయిలు పెట్టే అమెరికా సంస్థ. ఎస్ఎఫ్ అంటే 1988కో అంతకన్నా ముందో తయారైన ఇంజిన్ల స్థాయి, ఏపీఐ దాన్ని ఎప్పుడో పాతబడిన జాబితాలో వేసేసింది. బైకుల తడి క్లచ్ కోసం జపాన్ వాళ్లు 1998లో పెట్టిన జాసో ప్రమాణం ఉంది. ఎంఏ అనో ఎంఏ2 అనో ఉంటే క్లచ్ జారదని పరీక్షించినట్టు. ఈ డబ్బా మీద ఆ మాటే లేదు. 16 నెలలు ఇంట్లో పెట్టుకుని నేను చదవకపోవడం నా తప్పే, ఒప్పుకుంటా. "అన్ని ఇంజిన్లకు" అని రాయడం మాత్రం వాళ్ల తప్పు.

గేర్లు గట్టిపడటం కూడా ఇప్పుడు అర్థమవుతోంది. బైకులో ఇంజిన్‌కూ గేర్లకూ ఒకటే ఆయిల్. వేడిలో చిక్కదనం నిలవడానికి కలిపే పాలిమర్లను గేరు పళ్లు నలిపేస్తాయి. నాసిరకమైతే త్వరగా నలిగి, 40 అని కొన్నది 40గా మిగలదు.

లెక్క: నాలుగు డబ్బాల మీద మిగిలింది 760. ప్లేట్లు, గ్యాస్కెట్, కూలి కలిపి పోయింది 1,350.

అయితే తప్పంతా ఆయిల్‌దే అని ప్రమాణం చేయలేను. ల్యాబులో చూపించలేదు. ప్లేట్లు రెండేళ్ల కిందటివి, అమ్మా నేనూ కలిస్తే 140 కిలోలు, ఎండ కూడా తక్కువేం లేదు. కొండ ఎక్కకుండా ఉంటే ఇంకో ఏడాది హాయిగా వాడి, నాలుగు నక్షత్రాలు అలాగే ఉంచేవాణ్ణేమో. మా తమ్ముడి స్కూటర్‌కు ఇదే ఆయిల్, ఏ గొడవా లేదు. గేర్లు లేని స్కూటర్ క్లచ్ పొడిగానే ఉంటుంది మరి. పేరున్న కంపెనీ డబ్బా కొన్నా నకిలీ భయం ఉంది. అందుకే అన్న ఈసారి ఖాళీ అయిన డబ్బాకు స్క్రూడ్రైవర్‌తో బొక్క పొడిచి, మళ్లీ నింపే వీల్లేకుండా నా చేతికిచ్చాడు.

ప్రస్తుతానికి నాలుగు నుంచి రెండుకు దించుతున్నా. కొత్త ఆయిల్ పోసి 600 కిలోమీటర్లయింది, న్యూట్రల్ పడుతోంది. ఆఫర్‌లో కొన్న ఐదో డబ్బా సీలు తీయకుండా మెట్ల కింద ఉంది. తమ్ముడు అడిగాడు, ఇంకా ఇవ్వలేదు.