ఫాంటసీ కథలో దేవుణ్ని భూమ్మీదికి దించడానికి ఏ కారణం మేలు? శాపమా, తీర్పా, పుణ్యం అయిపోవడమా, అలకా?

దేవతలకు మన భాషలో ‘అనిమిషులు’ అని ఒక పేరుంది. రెప్ప వేయనివాళ్లని అర్థం. దమయంతి స్వయంవరానికి ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు నలుడి రూపంలోనే వచ్చి కూర్చున్నప్పుడు ఆమె వాళ్లను ఇలాంటి గుర్తులతోనే పట్టుకుంది. వాళ్లకు రెప్ప పడదు, చెమట పట్టదు. మెడలో దండ వాడదు, ఒంటికి దుమ్ము అంటదు, పాదాలు నేలను తాకవు. అసలు నలుడికి మాత్రం నీడ ఉంది, దండ వాడింది, చెమట పట్టింది.

ఫాంటసీ నవల్లో దేవుణ్ని మర్త్యలోకానికి దించాలనుకునే రచయితకు ఇది సిద్ధంగా ఉన్న సరంజామా. ఈ గుర్తుల్లో ఏది ముందు పోవాలో, ఏది చివరిదాకా మిగలాలో, అతణ్ని ఎందుకు పంపారన్న దాన్నిబట్టే తేలాలి. చాలా రాతప్రతులు దెబ్బతినేది ఇక్కడే. కారణాన్ని మొదటి అధ్యాయంలో రెండు వాక్యాల్లో చెప్పేసి వదిలేస్తారు. ఆ తర్వాత దేవుడు మామూలు హీరోలా తిరుగుతుంటాడు. అవసరమైనప్పుడు శక్తి వస్తుంది, అవసరం లేనప్పుడు పోతుంది. ఎందుకని పాఠకుడు అడిగితే జవాబు ఉండదు.

కాబట్టి ఏ కారణాన్నైనా నాలుగు ప్రశ్నలతో తూచాలి. పంపింది ఎవరు? ఏం లాక్కున్నారు, ఏం వదిలేశారు? పైన ఖాళీ అయిన కుర్చీలో ఎవరు కూర్చున్నారు? తిరిగి వెళ్లడానికి షరతు ఏమిటి? మూడో ప్రశ్ననే అందరూ మర్చిపోతారు. నా లెక్కలో అన్నిటికన్నా బలమైనది అదే.

ముందు శాపం. మనకు బాగా అలవాటైన దారి, అందుకే జారిపడడం కూడా ఎక్కువ. అష్టవసువుల కథ తీసుకోండి. ద్యువు అనే వసువు భార్య మాట విని, ఆమె స్నేహితురాలి కోసం వసిష్ఠుడి ఆవును తోలుకుపోయాడు. మిగతా ఏడుగురూ తోడు వెళ్లారు. మనుషులై పుట్టమని వసిష్ఠుడు శపించాడు. బతిమాలితే, ఏడుగురికి ఏడాదిలోపే విముక్తి ఇచ్చి, అసలు దొంగకు మాత్రం దీర్ఘాయుష్షు రాశాడు. గంగ ఏడుగురు బిడ్డలను పుట్టగానే నీళ్లలో వదలడం, ఎనిమిదోవాడు భీష్ముడై మిగలడం అందరికీ తెలిసిందే. రచయిత గమనించాల్సింది శిక్షను పంచిన తీరు. నేరం ఒక్కటే అయినా శిక్ష ఎవరి వాటాకు తగ్గట్టు వాళ్లకు పడింది. పైగా ఆ ఎనిమిదోవాడి కోసం వసువులు ఒక్కొక్కరూ తమ తేజస్సులో ఎనిమిదో వంతు ఇస్తామన్నారు. శక్తి ఎంత మిగిలిందో అంకెతో సహా చెప్పిన కథ ఇది. భీష్ముడు అంతటివాడెలా అయ్యాడని ఎవరూ అడగనక్కర్లేదు.

శాపంలో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, శపించేవాడి కోపం ఒక్క క్షణంలో అయిపోతుంది, కథ మాత్రం నాలుగు వందల పేజీలు నడవాలి. ఋషి శపించి, విమోచనం చెప్పి వెళ్లిపోతే ఎదురు నిలిచేవాడు ఎవరూ ఉండరు. దేవుడు రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాల్సిందే. గుర్తుండడం, ఉండకపోవడం కూడా ముందే తేల్చుకోవాలి. కుబేరుడి కొడుకులు నలకూబరుడు, మణిగ్రీవుడు తాగి ఒళ్లు మరిచి నారదుడి ముందు బట్టల్లేకుండా నిలబడినందుకు మద్దిచెట్లయ్యారు. అయితే జ్ఞాపకం పోదని నారదుడే అనుగ్రహించాడు. గడువు నూరు దివ్యసంవత్సరాలు. మనుషుల ఏడాది దేవతలకు ఒక్క రోజు కాబట్టి, మన లెక్కన 36,000 ఏళ్లు. అన్నేళ్లూ అన్నీ గుర్తుండి, కదల్లేక నిలబడాలి. జ్ఞాపకం ఉంచితే శాపం ఇంత బరువెక్కుతుంది. జ్ఞాపకం తీసేస్తే పాత్రకు అది శిక్షే కాదు, ఎందుకంటే పోగొట్టుకున్నదేమిటో దానికి తెలియదు. మధ్యలో ఎప్పుడో గుర్తొచ్చేలా రాద్దామనుకుంటే, గుర్తు తెచ్చే వస్తువు మొదటి భాగంలోనే పాఠకుడి కళ్లబడాలి.

ఈ కాలాల లెక్క అన్ని రకాలకూ పనికొస్తుంది. చంద్రుడి కొడుకు వర్చసుడు అభిమన్యుడిగా పుట్టాల్సి వచ్చినప్పుడు, పదహారేళ్లకు మించి కొడుకును వదిలి ఉండలేనని చంద్రుడు ఖరారు చేసుకున్నాడు. ఇక్కడ పదహారేళ్లంటే అక్కడ పదహారు రోజులు. చంద్రుడి కళలూ పదహారే. తండ్రి పక్షం రోజుల పైన ఒక్క రోజు ఓర్చుకున్నాడు, కింద తల్లి జీవితాంతం ఏడ్చింది. మీ కథలో పైలోకం సన్నివేశాలు ఉంటే ఈ తేడాను తప్పకుండా వాడుకోండి. భూమ్మీద దేవుడికి ఏడాది గడిచేసరికి పైన అతని కోసం వండిన వంట ఇంకా పాడవదు.

రెండోది తీర్పు. కోపంతో కాక విచారించి, శిక్ష ఇంత అని ఖరారు చేసి పంపడం. దీనికి ఇతర దేశాల పురాణాల్లో మంచి నమూనాలున్నాయి. జపాన్‌లో క్రీస్తుశకం 712 నాటి పురాణగ్రంథం కొజికిలో తుఫాను దేవుడు సుసానో పొలం గట్లు తెంచాడు, కాలువలు పూడ్చాడు, తోలు వలిచిన గుర్రాన్ని మగ్గాల ఇంటి పైకప్పు గుండా లోపల పడేశాడు. అక్క, సూర్యదేవత అమతెరాసు గుహలో దాక్కుంటే లోకం చీకటైపోయింది. దేవతలంతా కూర్చుని అతనికి జరిమానా వేశారు, గడ్డం కోశారు, గోళ్లు పీకారు, ఆపైన తరిమేశారు. ఇజుమోలో దిగాక ఎనిమిది తలల పామును సారాయితో మత్తెక్కించి చంపి, దాని తోకలో దొరికిన కత్తిని అక్కకే పంపాడు. క్షమాపణ అన్న మాట లేకుండానే క్షమాపణ చెప్పాడు.

గ్రీకుల అపోలో శిక్ష ఇంకా చిన్నది. చచ్చినవాళ్లను బతికిస్తున్నాడని అతని కొడుకు అస్క్లేపియస్‌ను జ్యూస్ పిడుగుతో చంపాడు. అపోలో ఆ పిడుగులు చేసిచ్చే ఒంటికన్ను కమ్మరులను చంపాడు. పాతాళంలోకి తోసేయబోతే తల్లి లేటో అడ్డుపడింది. శిక్ష ఒక ఏడాది జీతగాడి పనికి దిగింది. ఫెరాయ్ రాజు అడ్మేటస్ దగ్గర పశువులు కాశాడు. ఆ ఏడాది మందలో ప్రతి ఆవూ కవల దూడలను ఈనింది. దైవత్వం లాక్కున్నా పూర్తిగా పోలేదని చెప్పడానికి యుద్ధం అక్కర్లేదు, మెరుపులు అక్కర్లేదు. ఒక దూడ వెనక ఇంకో దూడ కాలు కనిపించడం, పాలేరు ముఖం చూసి రాజుకు అనుమానం రావడం చాలు.

తీర్పులో మేలు ఏమిటంటే ప్రతి శిక్షకూ ఒక కొలత ఉంటుంది, కొలత ఉన్నచోట అన్యాయం కూడా కనిపిస్తుంది. 16వ శతాబ్దపు చైనా నవల ‘జర్నీ టు ద వెస్ట్’లో దేవలోక సేనాని షా వూజింగ్ చేసిన తప్పు విందులో ఒక స్ఫటికపాత్ర పగలగొట్టడం. దానికి 800 దెబ్బలు, నదిలోకి వెలి, ఏడు రోజులకోసారి కత్తి ఎగిరొచ్చి ఒళ్లు పొడవడం. గిన్నె పగిలితే ఇంత శిక్షా అని చదివేవాడు పైలోకాన్ని అనుమానించడం మొదలుపెడతాడు. రచయితకు కావలసింది ఆ అనుమానమే. అయితే తప్పు మరీ పెద్దదైతే ఇదంతా తిరగబడుతుంది. ఊరు తగలబెట్టిన దేవుడు పశువులు కాసి తిరిగి వెళ్లిపోతే పాఠకుడు ఒప్పుకోడు.

మూడోది పుణ్యం అయిపోవడం. ‘క్షీణే పుణ్యే మర్త్యలోకం విశంతి’ అని గీత తొమ్మిదో అధ్యాయంలో ఉన్నది ఇదే. ఎవరి కోపమూ లేదు, ఎవరి తీర్పూ లేదు. ఖాతాలో జమ అయిపోయింది, దిగాలి. భారతం వనపర్వంలో ముద్గల మునిని స్వర్గానికి తీసుకెళ్లడానికి దేవదూత వస్తే, అక్కడి లోపాలు కూడా చెప్పమని అడుగుతాడు. పడిపోయే సమయం దగ్గరపడితే మెడలో దండలు వాడతాయని, అప్పుడు భయం పట్టుకుంటుందని దూత ఒప్పుకుంటాడు. ముద్గలుడు రానని పంపేస్తాడు. పొట్టి కథకు దీన్ని మించింది లేదు. ఒక సభ, పక్కవాడి దండలో ఒక రేకు వాడడం, అందరూ చూసీ చూడనట్టు జరిగి కూర్చోవడం. కథకు అంతే చాలు. నవలకు మాత్రం ఇది నిలబడదు. విలన్ లేడు, అన్యాయం లేదు, తిరిగి వెళ్లాలంటే మళ్లీ పుణ్యం కూడబెట్టడమే దారి. దాన్ని సాగదీస్తే మంచిపనుల చిట్టా అవుతుంది.

నాలుగోది అలక. ఎవరూ పంపరు, తనే దిగిపోతాడు. తెలుగువాళ్లకు ఈ కథ ఇంటి కథే. భృగువు తన్నాడు, లక్ష్మి అలిగి కొల్హాపురం వెళ్లింది, స్వామి ఆమెను వెతుక్కుంటూ వేంకటాద్రికి వచ్చి పుట్టలో చేరాడు. ఆవు వచ్చి పుట్టలో పాలు కార్చడం, పశువులకాపరి గొడ్డలి విసరడం, తలకు దెబ్బ తగలడం తెలిసిందే. ఇందులో అన్నిటికన్నా పనికొచ్చే వివరం పెళ్లి ఖర్చు. లక్ష్మి పక్కన లేదు కాబట్టి డబ్బు లేదు, కుబేరుడి దగ్గర అప్పు చేశాడు, వడ్డీ ఇంకా కడుతూనే ఉన్నాడు. ఏ శక్తి ఎవరి వల్ల వచ్చిందో, వాళ్లు వెళ్లిపోతే ఆ శక్తే పోతుందన్న నియమం ఎంత శుభ్రంగా ఉందో చూడండి. ప్రేమకథకు, కుటుంబకథకు ఇదే మేలు. కానీ దీన్ని వెలి అనలేం. ఎప్పుడైనా వెళ్లిపోగలిగినవాడి కష్టం కష్టంలా అనిపించదు. అప్పులాంటిదేదో కట్టిపడేస్తేనే అది నిలుస్తుంది.

ఇక నేను ముందుకు తోసేది శాపానికీ తీర్పుకూ మధ్య ఉన్న యముడి కథను. దొంగలు ఆశ్రమంలో దాక్కున్నందుకు రాజభటులు మాండవ్యుణ్నీ వాళ్లతో కలిపి కొరత వేశారు. ఆయన యముడి దగ్గరికే వెళ్లి, ఏ పాపానికి ఇది అని అడిగాడు. చిన్నప్పుడు తూనీగల తోకల్లో గడ్డిపుల్లలు గుచ్చావు అన్నాడు యముడు. తెలియని వయసు తప్పుకు ఇంత శిక్షా అని, మనిషివై దాసి కడుపున పుట్టమని మాండవ్యుడు శపించాడు. పద్నాలుగేళ్ల లోపు చేసింది పాపం కిందికి రాదని కొత్త నియమం కూడా పెట్టాడు. యముడు విదురుడయ్యాడు.

ఇక్కడ పంపినవాడు బాధితుడే. నేరం పదవిలో జరిగింది. శిక్ష ఆ పదవికి సరిగ్గా అద్దినట్టు సరిపోయింది. జీవితమంతా తీర్పులు చెప్పినవాడు, న్యాయం తెలిసీ మాట చెల్లని చోట నూరేళ్లు కూర్చోవాలి. జూదం జరిగినప్పుడు చెప్పాడు, ఎవరూ వినలేదు. ఆ నూరేళ్లూ పైన దండం పట్టింది ఎవరన్నది భాగవతం మొదటి స్కంధంలో ఉంది. అర్యముడు అనే దేవత ఇన్‌చార్జిగా పాపులను శిక్షించాడు. దేవతల క్యాలెండర్‌లో అది నూరు రోజులు, మూడు నెలల పైచిలుకు. ఖాళీ కుర్చీ సంగతి పట్టించుకున్న కథ ఇది.

పట్టించుకోకపోతే ఏమవుతుందో కూడా భారతమే చెప్పింది. వృత్రుణ్ని చంపిన పాపంతో ఇంద్రుడు తామరతూడులో దాక్కుంటే, కుర్చీ ఎక్కిన నహుషుడు ఋషులతో పల్లకీ మోయించే దాకా వెళ్లాడు. యముడు నైమిశంలో యాగదీక్షలో కూర్చుంటే మనుషులు చావడమే మానేశారు. మీ కథలో వానదేవుణ్ని దించితే ముందు రాయాల్సింది వాన ఎవరు కురిపిస్తున్నారన్నది. కొత్తవాడు కొలతలు తెలియక ఒకే తాలూకాలో కుండపోత కురిపించడం, పక్క తాలూకా ఎండిపోవడం, ఆ ఎండిన చేలోనే అసలు వానదేవుడు కూలికి వెళ్లడం. ఇక్కడి నుంచి కథ తనే నడుస్తుంది.

ఒక్కరు కాక గుంపును దించాలంటే పంచేంద్రుల కథ చూడండి. పాచికలాడుతున్న శివుడి ముందు ఈ లోకం నాదే అన్న ఇంద్రుడు స్థాణువై నిలబడిపోయాడు. తర్వాత గుహ తెరిస్తే అచ్చం తనలాంటివాళ్లు నలుగురు లోపల ఉన్నారు, అంతా పాత ఇంద్రులే. పాండవులుగా పుట్టాల్సింది వీళ్లే. తనకు ముందు నలుగురు ఇదే మాట అన్నారని తెలిసిన ఆ క్షణం దేవుడి పొగరు ఎంత దెబ్బ తింటుందో, నూరు కొరడాలు కొట్టినా అంత తినదు. సీరియల్‌కు, అయిదుగురు నాయకుల కథకు ఇదే మేలు.

రాసేటప్పుడు గుర్తుల వరుస ఇలా పెట్టుకుంటే పనవుతుంది. శాపమైతే అన్నీ ఒక్కసారే పోవాలి: నేల తగులుతుంది, చెమట పడుతుంది, కంట్లో దుమ్ము పడి మొదటి రెప్ప వేస్తాడు. తీర్పైతే శిక్షలో రాసినవి మాత్రమే పోవాలి, రాయనిది ఒకటి పొరపాటున మిగలాలి. పుణ్యక్షయమైతే దండ ముందు వాడాలి, నీడ చివర పడాలి. అలకైతే ఏదీ పోదు, వాడుకోవాలని అనిపించదంతే. యముడి తరహా కథలో మాత్రం పోయేది శరీరపు గుర్తు కాదు, మాటకున్న విలువ. అందుకే విదురుడు రెప్ప వేస్తాడా లేదా అని ఎవరూ చూడరు.

ఆ తరహాలో రాసేవాళ్లు తిరుగు ప్రయాణాన్ని కూడా ముందే సిద్ధం చేసుకోవాలి. నూరు రోజుల తర్వాత అర్యముడు దండం అప్పజెబుతాడు. వాకిట్లో చిన్నప్పటి తప్పులకు శిక్ష అనుభవిస్తున్నవాళ్ల వరుస ఉంటుంది. పద్నాలుగేళ్ల నియమం వచ్చిన రోజునే వాళ్లను వదలాల్సింది, ఇన్‌చార్జికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్లలో మొదటి పిల్లవాడి చేతిలో ఇంకా గడ్డిపుల్ల ఉంది.