మైనమా, సీలెంటా, సెరామిక్కా? చంద్రపూర్ దుబ్బలో రోజూ తిరిగే కారుకు ఏది మేలు

చంద్రపూర్, బల్లార్షా, రాజురా రోడ్ల మీద తిరిగే కారుకు అంటేది ఒక్క రకం దుబ్బ కాదు. ఘుగ్గుస్ వైపు వెళ్తే బొగ్గు పొడి, గడ్‌చందూర్ వైపు వెళ్తే సిమెంటు, గాలి తిరిగితే థర్మల్ కేంద్రం బూడిద. వానాకాలం నల్లరేగడి బురద ఉండనే ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో నీడ కదా అని ఇప్పచెట్టు కింద పెడితే పూల జిగురు అదనం. హైదరాబాదులో సెల్లార్‌లో నిలిపే కారుకు చెప్పిన సలహా ఇక్కడి బండికి ఉన్నదున్నట్టు సరిపోదు. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లు అడిగే మాట మాత్రం ఎక్కడైనా ఒక్కటే: పెయింటును కాపాడే పూతగా మైనం రుద్దాలా, సీలెంట్ కొట్టాలా, సెరామిక్ చేయించాలా?

సొంత చేతులతో నేర్చుకుంటూ రోజూ నడిపే బండిని కాపాడుకోవాలనుకుంటే స్ప్రే సీలెంటే మేలు. సెరామిక్ పనికిరాదని కాదు. ఈ దుబ్బలో ఏ పూత వేసినా ఏడాది తిరిగేసరికి పెయింటు మీద ఎన్నో కొన్ని గీతలు పడతాయి. అప్పుడు మళ్లీ పాలిష్ పట్టాలి, పాలిష్‌తో పాటే పూత కూడా పోతుంది. పోయినా మనసు చివుక్కుమనని పూత వేసుకోవడమే తెలివి.

మూడింటిలో తేడా ఎక్కడుంది

మైనం అంటే కార్నూబా. బ్రెజిల్‌లో పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీస్తారు. ఒట్టి కార్నూబా 82 డిగ్రీలు దాటాకే కరుగుతుంది. డబ్బాలో అమ్మేది ఒట్టిది కాదు, నూనెలూ ద్రావకాలూ కలిపి మెత్తబరిచింది. మే నెలలో ఎండ 45 దాటే ఊళ్లో నల్ల బోనెట్ 70 డిగ్రీల దాకా కాగుతుంది. ఆ వేడికి మైనం నెల రోజులు నిలిస్తే ఎక్కువ. ముదురు రంగు మీద దాని నిగారింపు బాగుంటుంది, పండక్కి బండి మెరవాలంటే సరే. రోజువారీ కాపలాకు చాలదు.

సీలెంట్ సింథటిక్ పాలిమర్. స్ప్రే సీసాల్లో వచ్చేవాటిలో చాలావాటికి ఇప్పుడు కొద్దిగా సిలికా కూడా కలుపుతున్నారు. మామూలుగా 3 నుంచి 6 నెలలు ఉంటుంది, ఇక్కడ 3 నెలలని లెక్కేసుకోండి. సీసా 500 నుంచి 1,200 రూపాయలు. చిన్న కారుకు ఒకసారికి 40 నుంచి 60 మిల్లీలీటర్లు పడుతుంది కాబట్టి ఒక్క సీసా చాలాసార్లు వస్తుంది.

సెరామిక్ విషయం కాస్త నిదానంగా చూడాలి, డబ్బులు ఎక్కువ పోయేది అక్కడే. సిలికా ఆధారంగా చేసిన ద్రవం ఇది, ఆరాక పెయింటును పట్టుకుని గట్టి పొరగా మారుతుంది. ఆ పొర మందం మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 9హెచ్ అని గొప్పగా చెప్తారు. అది పెన్సిల్ గీత పరీక్షలోని అంకె: 9హెచ్ పెన్సిల్‌తో గీసినా గీత పడలేదని మాత్రమే దాని అర్థం. బూడిదలో, రోడ్డు దుబ్బలో ఉండే ఇసుక రేణువు పెన్సిల్ కన్నా చాలా గట్టిది. టిప్పర్ చక్రం కింద నుంచి ఎగిరే కంకర సంగతి చెప్పనక్కర్లేదు. సెరామిక్ వేయించాను కదా అని పొడిగుడ్డతో దులిపితే గీతలు పడనే పడతాయి, అవి పోవాలంటే పూతను కోసుకుంటూనే వెళ్లాలి.

రెండో చిక్కు బోరునీళ్లు. సెరామిక్ మీద నీళ్లు ముత్యాల్లా నిలుస్తాయి, అందరూ ఫోటోలు తీసేది అదే. ఆ ముత్యాలు ఎండకు ఆరితే ఒక్కొక్కటీ తెల్లటి సున్నపు చుక్కను మిగిలిస్తుంది. నీళ్లలో సున్నం ఎక్కువున్న వీధుల్లో సెరామిక్ వేసిన నల్లకారు ఒక్కోసారి వేయనిదాని కన్నా వికారంగా కనిపించేది అందుకే.

మూడోది వేసే పద్ధతి. 30 మిల్లీలీటర్ల సీసా చిన్న కారుకు సరిపోతుంది. అప్లికేటర్ గుడ్డ మీద పది పన్నెండు చుక్కలు వేసి, అడుగున్నర చదరం చొప్పున నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పూయాలి. ఇంద్రధనుస్సు రంగులు తేలగానే మైక్రోఫైబర్‌తో తుడవాలి. 25 డిగ్రీల్లో ఒకటి రెండు నిమిషాలు దొరుకుతాయి. 40 డిగ్రీల్లో పూస్తుండగానే గుడ్డ పట్టేస్తుంది. ఒక్కచోట తుడవడం మరిచారా, తెల్లారేసరికి అక్కడ నూనె మరకలాంటి నల్లటి మచ్చ గట్టిపడి ఉంటుంది. ఇక అది తుడిస్తే రాదు, మిషన్ పెట్టాల్సిందే. సీలెంట్‌తో ఇదే పొరపాటు చేస్తే ఇంకో స్ప్రే కొట్టి తుడిస్తే పోతుంది. కొత్తవాళ్లకు అసలు తేడా ఇదే.

కార్లకు పూతలు వేసే స్టూడియోలో చేయించుకుంటే 15 నుంచి 30 వేల దాకా అడుగుతారు. కారు కొత్తది, షెడ్డులో నిలుపుతారు, కడిగేది మీ చేయి ఒక్కటే అయితే ఆ డబ్బుకు న్యాయం జరుగుతుంది. వీటిలో ఒక్కటి లేకున్నా జరగదు.

పూతకు ముందు: పెయింటు ఏం చెబుతోంది

ఏ పూతా గీతను మాన్పదు. సెరామిక్ అయితే గీతల్ని అద్దాల బీరువాలో పెట్టినట్టు దాచి చూపిస్తుంది. కాబట్టి ముందు చూడాల్సింది పెయింటును.

బండి కడిగి ఆరాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి బోనెట్ మీద మెల్లగా జరపండి. కంటికి నున్నగా కనిపించేదే వేళ్ల కింద ఉప్మారవ్వలా గరగరలాడుతుంది. రైల్వే జంక్షన్ పక్కన నిలిపే బండ్లకు ఇది ఖాయం. తెల్లకారైతే నారింజ రంగు చుక్కలు కూడా కనిపిస్తాయి. రైలు పట్టాల నుంచీ బ్రేకుల నుంచీ ఎగిరే ఇనుప రజను పెయింటులో గుచ్చుకుని తుప్పు పట్టిన గుర్తులవి. ఆ రజనును కరిగించే ఐరన్ రిమూవర్ ద్రవం కొట్టి 3 నుంచి 5 నిమిషాలు ఆగండి. కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది, చుక్కలన్నీ ఊదారంగులోకి మారి తలుపు కింది అంచు దాకా కారతాయి. ఎండిపోకముందే కడిగేయాలి. మిగిలిన గరుకు క్లే బార్‌తో, అంటే మెత్తటి బంకమట్టిలాంటి ముద్దతో తీయాలి. షాంపూ నీళ్లు ధారాళంగా చల్లి, నొక్కకుండా జరపాలి. క్లే ముక్క నేల మీద పడితే అంతే, పారేయండి. దానికి అంటిన ఇసుకంతా మీ పెయింటునే కోస్తుంది.

సిమెంటుకు ఇవేవీ పనిచేయవు. చలికాలం రాత్రి మంచు పడితే కారు మీది సిమెంటు పొడి నిజంగానే గట్టిపడుతుంది, గోడ మీద గట్టిపడ్డట్టే. గోకకూడదు. తెల్ల వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి, అందులో తడిపిన గుడ్డను నీడలో చల్లగా ఉన్న రేకు మీద పరచండి. రెండు మూడు నిమిషాల తర్వాత కడగండి. ఒక్కసారికి పోకపోతే మళ్లీ చేయండి. బోరునీళ్ల చుక్కలకూ ఇదే మందు. వెనిగర్‌కు పోని చుక్క అయితే పెయింటును తినేసినట్టే, దానికి పాలిషే గతి.

చేతితోనా, మిషన్‌తోనా, బజారు పాలిషా

రంగు మీద ఉండే క్లియర్ కోట్ సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందం కన్నా తక్కువ. పాలిష్ అంటే ఆ పొరను అణుమాత్రం కోసి చదును చేయడం. సన్నని పాలిష్‌కు ఒక మైక్రాన్ లోపే పోతుంది, ముతక కాంపౌండ్‌కు రెండు మూడు పోవచ్చు. గోరు ఆనిస్తే గోటికి తగిలే గీత లోతుగా ఉన్నట్టు. దాన్ని పూర్తిగా తీయాలని పంతం పడితే క్లియర్ కోట్ కరిగిపోతుంది. అంచులు మెత్తబడి కంటికి ఆనకుండా పోతే చాలు, వదిలేయండి.

చేత్తో రుద్దితే తలుపు పిడి గుంటలో గోళ్ల గీతలు తగ్గుతాయి, అంతకు మించి ఆశించొద్దు. బజారులో 800, 1,000 రూపాయలకు పట్టే పాలిష్ రోటరీ మిషన్‌తో, అంటే ప్యాడ్ గుండ్రంగా మాత్రమే తిరిగే మిషన్‌తో పడుతుంది. తొందర పనిలో ఆ మిషన్ ఒక్కచోటే తిరిగి వేడి పుట్టిస్తుంది, ఎండలో చూస్తే చేప పొలుసుల్లా మెరిసే గుర్తులు వదులుతుంది. మొదటి రోజు తళతళలాడేది దాని మీద పూసే నూనె. రెండు మూడు సార్లు కడిగితే గీతలు మళ్లీ తేలతాయి.

డీఏ (డ్యుయల్ యాక్షన్) మిషన్‌లో ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది, గట్టిగా నొక్కితే తిరగడం ఆగిపోతుంది. అందుకే కొత్తవాళ్ల చేతిలో పెయింటు కాలే భయం తక్కువ. 5,000 నుంచి 9,000 పెడితే 8 మిల్లీమీటర్ల ఊపున్న మిషన్, 5 అంగుళాల ప్లేటుతో వస్తుంది. ఫోమ్ ప్యాడ్‌లు నాలుగైనా కొనండి, వేడెక్కి మూసుకుపోయిన ప్యాడ్ పాలిష్ పట్టదు.

ప్యాడ్ మీద బఠాణీ గింజంత పాలిష్ నాలుగు చుక్కలు. ముందు బోనెట్ మీద రెండడుగుల చదరం ఒక్కటే తీసుకుని పరీక్షించండి. మెత్తటి ప్యాడ్, సన్నని పాలిష్‌తో మొదలుపెట్టి, చాలకపోతేనే ముతకకు వెళ్లాలి. తక్కువ వేగంలో పరిచి, 4 లేదా 5వ అంకెలో సెకనుకు ఒక అంగుళం చొప్పున నిలువుగా, అడ్డంగా నాలుగు నుంచి ఆరు వరసలు. తుడిచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. బల్బు చుట్టూ సాలెగూడులా కనిపించిన గీతలు ముప్పావు వంతు పోయాయంటే అదే పద్ధతి బండంతా పట్టండి. ప్రతి చదరం అయ్యాక ప్యాడ్‌ను బ్రష్‌తో దులపాలి. అంచులకూ, రేకు మడతలకూ మాస్కింగ్ టేప్ వేయాలి, పొర పల్చగా ఉండేది అక్కడే. బంపర్ ప్లాస్టిక్‌ది, వేడి బయటికి పోదు, అక్కడ చేయి తేలిక చేయండి. ఈమధ్యే రంగు వేయించిన తలుపుకైతే 30 రోజుల దాకా ఏ పూతా వద్దు.

పాలిష్ నూనె పోవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతు, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ మూడు వంతులు కలిపి తుడవండి. ఆ తర్వాత సీలెంట్. ఒక్కో భాగానికి రెండు మూడు స్ప్రేలు చాలు, ఎక్కువైతే చారలు పడతాయి. ఒక గుడ్డతో పరిచి, ఇంకో పొడిగుడ్డతో తుడవాలి. ముందు అద్దం మీద పడనివ్వకండి, వైపర్ గడగడలాడుతుంది. రాత్రంతా తడి తగలకూడదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున ఎనిమిదికీ పదకొండుకీ మధ్య నీడలో చేస్తే సుఖం. ఆ నెలల్లో రాత్రి మంచు పడుతుంది, షెడ్డు లేకపోతే కవరు కప్పకుండా ఏదైనా రేకు కింద నిలపండి. దుబ్బ మీద కప్పిన కవరు గాలికి ఊగితే ఉప్పుకాగితంతో సమానం.

కడగడం: గీతలు పుట్టేది ఇక్కడే

పొద్దున్నే పొడిగుడ్డతో కారు దులిపే అలవాటు ఈ ప్రాంతంలో ఇంటింటా ఉంది. సాలెగూడు గీతల్లో చాలావరకు దానివల్లే. వాషింగ్ సెంటర్‌లో ఇంతకుముందు టిప్పర్‌ను రుద్దిన స్పాంజితోనే మీ కారునూ రుద్దుతారు. మెరుపు కోసం డీజిల్ కొడతామంటే వద్దనండి, అది మైనాన్నీ సీలెంట్‌నూ కరిగిస్తుంది. అంట్ల సబ్బు కూడా అంతే.

రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి కారు షాంపూకు, ఒకటి గుడ్డ జాడించడానికి. ముందు ఒట్టి నీళ్లు ధారగా పోసి దుబ్బను వదలనివ్వాలి. చేత్తో పంప్ కొట్టే ఫోమ్ స్ప్రేయర్ ఉంటే నురగ పట్టించి ఐదు నిమిషాలు ఆగాలి. పైనుంచి కిందికి రండి, తలుపుల కింది భాగం ఆఖరున. చివర ఇంట్లో ఆర్వో మిషన్ నుంచి తాగడానికి వచ్చే నీళ్లు పది లీటర్లు పైనుంచి పోస్తే చుక్కలు పెద్దగా పడవు. ఆర్వో పారబోసే నీళ్లు వృథా ఎందుకని వాటితో కడుగుతారు కొందరు. సున్నం చిక్కబడి ఉండేది వాటిలోనే, తోటకు పోయండి.

టిప్పర్ల వెనకే రోజూ వెళ్లాల్సినవాళ్లకు ఒక్క మాట: కంకర దెబ్బను ఆపేది పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) ఒక్కటే, 150 నుంచి 200 మైక్రాన్ల ప్లాస్టిక్ పొర అది. బండంతా వేయిస్తే లక్ష దాకా వెళ్తుంది. ముందు బంపర్, బోనెట్ ముందంచు వరకు వేయించి, మిగతాదానికి సీలెంట్ కొట్టుకోవచ్చు.

మూడు నెలలకు బోనెట్ మీద నీళ్లు ముత్యాలు కట్టకుండా పలకలా పరుచుకుంటున్నాయంటే పూత పోయిందని వెంటనే అనుకోవద్దు. ఇక్కడ చాలాసార్లు పూత ఉంటుంది, దాని మీద సిమెంటు, సున్నం పొర కట్టి ఉంటుంది. చేతెడు మేర వెనిగర్ నీళ్లతో తుడిచి, కడిగి మళ్లీ నీళ్లు చల్లి చూడండి. అక్కడ ముత్యాలు కడితే బండంతా అట్లే శుభ్రం చేస్తే చాలు. కట్టకపోతే సీలెంట్ సీసా తీయండి.