ఆన్‌లైన్ థెరపీకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నాలుగు నెలల క్రితం సరిగ్గా నిద్ర పట్టక, ఏ పనీ చేయబుద్ధి కాక ఒక థెరపీ యాప్‌లో చేరాను. పేరు రాయను. నేను చేసిన పొరపాటు ఏ యాప్‌లోనైనా చేయొచ్చు: యాప్‌ని చూశాను కానీ, అవతల మాట్లాడేది ఎవరో చూసుకోలేదు.

చేరగానే తొమ్మిది ప్రశ్నలు వచ్చాయి. దాన్ని పీహెచ్‌క్యూ-9 అంటారు, డిప్రెషన్ ఎంత ఉందో అంచనా వేయడానికి డాక్టర్లు కూడా వాడతారు. గత రెండు వారాలు ఎలా గడిచాయని అడుగుతుంది. మొత్తం 27 మార్కులు, ఎక్కువొస్తే సంబరపడే పరీక్ష మాత్రం కాదు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండు అనిపించడం గురించి. ‘కొన్ని రోజులు’ అన్నదాని మీద నొక్కడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆ జవాబు చూసినవాళ్లు ముందు చేయాల్సింది ఎలా ఉన్నారని అడగడం. నాకు తర్వాతి పేజీలో కనిపించింది తగ్గింపు ధర, దాని పక్కన వెనక్కి తిరుగుతున్న గడియారం. మూడు నెలలకు ఒకేసారి కట్టేశాను.

నాకు కేటాయించిన ఆమె ప్రొఫైల్‌లో ‘వెల్‌నెస్ ఎక్స్‌పర్ట్’ అని ఉంది. లైసెన్స్ నంబర్ అడిగితే, ‘మా టీమ్ అందరినీ వెరిఫై చేస్తుంది’ అని జవాబు. అప్పుడే లేచి రావాల్సింది. 50 నిమిషాలన్న వీడియో సెషన్ అరగంటకే ముగిసేది. మిగతాదంతా మెసేజ్‌లు. మూడో వారంలో వచ్చిన మెసేజ్ ఇలా మొదలైంది: ‘మీ అమ్మాయి పరీక్షల గురించి మీరు పడుతున్న ఆందోళన నాకు అర్థమైంది.’

నాకు పెళ్లే కాలేదు.

మొదట నవ్వొచ్చింది. కాసేపటికి ఒళ్లు జలదరించింది. ఎవరో తల్లి రాసుకున్న బాధ నా ఫోన్‌లోకి వచ్చిందంటే, నా తొమ్మిదో జవాబు ఎవరి ఫోన్‌లోకి పోయిందో! అడిగితే ‘టెక్నికల్ ఇష్యూ’ అన్నారు.

ఈ భయం ఉత్తిది కాదు. 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ బెటర్‌హెల్ప్ అనే పెద్ద థెరపీ సంస్థ మీద చర్య తీసుకుంది (నేను వాడింది అది కాదు). జనం నమ్మి ఇచ్చిన సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్ లాంటి కంపెనీలకు చేరవేసిందన్నది ఆరోపణ. ఆ సంస్థ 78 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. కాబట్టి ప్రైవసీ పాలసీలో ‘భాగస్వాములు’, ‘మార్కెటింగ్’ అన్న మాటలు ఎక్కడున్నాయో వెతికి చదవండి. మిగతాది చదవకపోయినా ఫర్వాలేదు.

ఆన్‌లైన్ థెరపీయే మోసం అనడం లేదు. ఒక మాదిరి ఆందోళన, డిప్రెషన్ ఉన్నవాళ్లకు వీడియోలో చేసే సీబీటీ, అంటే ఆలోచనల తీరునీ అలవాట్లనీ మార్చుకునే పద్ధతి, ఎదురుగా కూర్చుని చేసినంత బాగానే పనిచేస్తుంది. ఇప్పుడు నేను వెళ్తున్న సైకాలజిస్ట్ కూడా ఆన్‌లైనే. మొదటి కాల్‌లో నేను అడగకముందే రిజిస్ట్రేషన్ నంబర్ చెప్పారు. దాన్ని లైసెన్సింగ్ బోర్డు వెబ్‌సైట్‌లో నేనే సరిచూసుకున్నాను. మనం ఉండే ప్రాంతంలో వైద్యం చేసే అనుమతి వాళ్లకు ఉందో లేదో కూడా అక్కడే చూసుకోవాలి. ‘మందులు అవసరమైతే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపిస్తాను, నేను రాయను’ అన్నారు. రాత్రిపూట పరిస్థితి చేయి దాటితే ఎవరికి ఫోన్ చేయాలో రాయించారు. తను చేయలేనిది ముందే చెప్పేసరికి నాకు సగం నమ్మకం కుదిరింది.

‘కోచ్’, ‘హీలర్’, ‘ఎక్స్‌పర్ట్’ అన్న పేర్లు చూసి మాత్రం ఆగండి. చాలాచోట్ల ఆ మాటలు ఎవరైనా పెట్టుకోవచ్చు, లైసెన్స్ అక్కర్లేదు. చచ్చిపోవాలన్న ఆలోచన గట్టిగా వస్తుంటే యాప్‌లో జవాబు కోసం చూస్తూ కూర్చోవద్దు. ఎమర్జెన్సీ నంబర్‌కో, హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయండి, పక్కన ఒక మనిషిని ఉంచుకోండి.

ఇక డబ్బు సంగతి. ఆటో రెన్యువల్ ఆన్‌లోనే ఉండిపోయి ఇంకో మూడు నెలల డబ్బు కట్ అయింది. యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు, విడిగా క్యాన్సిల్ చేసి స్క్రీన్‌షాట్ దాచుకోవాలి. రీఫండ్ కోసం, డేటా తొలగించడం కోసం రెండు వేర్వేరు మెయిళ్లు పెట్టాను. రెండింటికీ జవాబు లేదు. నిన్న మాత్రం ఒక మెయిల్ వచ్చింది: ‘మిమ్మల్ని మిస్ అవుతున్నాం, తిరిగి చేరితే సగం ధరకే!’