శుభలేఖల షాపులో కాగితపు గాబ్లిన్లు

విశాఖపట్నం ద్వారకానగర్‌లో ప్రధానంగా శుభలేఖలు, విజిటింగ్ కార్డులు వేసే ఒక డిజిటల్ ప్రింటింగ్ షాపులో, గత నాలుగు నెలల్లో మూడు విడతలుగా టేబుల్‌టాప్ ఆటలకు, అంటే బల్లమీద బొమ్మలు పేర్చి ఆడే ఆటలకు, కావలసిన కాగితపు బొమ్మలు, కోట గోడలు, నేలపలకలు అచ్చు వేయించుకున్నాను. రెజిన్ మినియేచర్ల (ప్లాస్టిక్‌లాంటి పదార్థంతో చేసిన చిన్న బొమ్మల) ధర చూసి వెనక్కి తగ్గి, కాగితంతోనే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఫాంటసీ ఆట ఆడుకుందామనుకునేవారికి ఈ అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి విడత మొత్తం వృథా అయింది. అందులో సగం తప్పు నాదే. ఆ ఆటలో ఒక అంగుళం గడి ఐదు అడుగుల నేలకు లెక్క. మనిషంత ప్రాణి ఒక గడిలో నిలబడుతుంది. ఓగర్ వంటి భారీ ప్రాణికి అటు రెండు, ఇటు రెండు గళ్ళు కావాలి. నేను కొన్న పీడీఎఫ్ అమెరికన్ లెటర్ సైజుది. దాని వెడల్పు సుమారు 216 మిల్లీమీటర్లు, మన ఏ4 వెడల్పు 210. కంప్యూటర్ ముందున్న అబ్బాయి అలవాటుగా, పేజీలో పట్టేలా బొమ్మను కుదించే ‘ఫిట్ టు పేజ్’ నొక్కేశాడు. ఇంటికి తెచ్చి స్కేలు పెట్టి చూస్తే, 25.4 మిల్లీమీటర్లు ఉండవలసిన గడి 24 దగ్గరే ఆగిపోయింది. ఒక్క గడిలో కంటికి ఆనని ఆ తేడా పది గళ్ళు దాటేసరికి దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లయింది. పాత పలకల పక్కన కొత్తవి పేరిస్తే నడవ కాస్తా గోడలోకి దూరిపోయింది. అందుకే రెండో విడతలో ‘యాక్చువల్ సైజ్’ అని ముందే చెప్పి, మొదటి షీటును అక్కడే కొలిచిన తరువాతే మిగతావి వేయించాను.

కాగితం విషయంలో మాత్రం వాళ్ళ సలహా వినకూడదు. దేనికైనా 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) ఆర్ట్ కార్డే బాగుంటుందంటారు. గోడలకు అది సరిపోతుంది. బొమ్మ విషయం వేరు: ముందు, వెనుక భాగాలు తల దగ్గర కలిసి ఉంటాయి, అక్కడ మడిచి రెంటినీ అతికించాలి. అంత మందం రెండు పొరలయ్యాక గాబ్లిన్ అనే పొట్టి రాక్షసుడి చేతిలోని కత్తి చుట్టూ కత్తెర తిప్పడం వేళ్ళకు శిక్షే. పైగా లేజర్ ప్రింటులో రంగు కాగితంలోకి ఇంకదు, పైపొరగా ఉండిపోతుంది కనుక మడతపెట్టిన చోట పగులుతుంది. నా గాబ్లిన్లన్నిటికీ నడినెత్తిన పాపిట తీసినట్టు తెల్లగీత పడింది. 170 జీఎస్ఎం మ్యాట్ కాగితానికి మారాక ఆ గీత దాదాపు కనబడలేదు; మిగిలిన తెల్లటి అంచులకు నల్ల స్కెచ్‌పెన్ తిప్పాను.

ఈ షాపులో నాకు నిజంగా నచ్చింది క్రీజింగ్ మెషీన్. శుభలేఖ మడత చీలకుండా గీత వెంబడి కాగితాన్ని నొక్కే ఆ యంత్రంతోనే బురుజు గోడల మడతలన్నీ వేయించుకున్నాను. స్కేలు, ఖాళీ బాల్‌పెన్ను పట్టుకుని నేను గంటసేపు చేసే పని వాళ్ళు పది నిమిషాల్లో ముగించారు, అదీ వంకర లేకుండా. మెషీన్ నడిపే పెద్దాయన ఒక షీటును వెలుగుకు ఎత్తి చూసి, “ఇది ఎవరింటి పెళ్ళి సార్?” అని అడిగారు. తిన్నని గీతలకే ఈ సౌకర్యం. గుండ్రటి స్తంభాల పని ఇంట్లో చేసుకోవలసిందే.

మ్యాట్ లామినేషన్ నేలపలకలకు బాగుంది: ట్యూబ్‌లైటు కింద మెరవదు, టీ ఒలికినా తుడిచేయవచ్చు. అతుకు చెవుల (జిగురు రాసే అంచుల) మీద ఆ పొర పడితే మాత్రం ఫెవికాల్ పట్టదు. నా బురుజు మూడో రోజుకే విచ్చుకుంది. ఒకవైపే లామినేట్ చేసిన షీటుకు మన సముద్రపు తేమ మరో బెడద. రెండోవైపు కాగితం చెమ్మ పీల్చి సాగడంతో, ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో రాత్రి పరిచిన గుహ తెల్లారేసరికి అప్పడంలా లేచింది. ఆ షాపువాళ్ళే తుక్కులో పడేయబోయిన సన్‌బోర్డ్ (తేలికైన ఫోమ్ అట్ట) ముక్కలను అడిగి తెచ్చుకుని, వాటికి అతికించాక పలకలు కదలలేదు.

షీటుకు 25 రూపాయలు, క్రీజింగ్‌కు కొంత అదనం. ఆ ధరకు పని నాణ్యమైనదే, కాకపోతే ముహూర్తాల రోజుల్లో మన చిన్న ఆర్డరును ఎవరూ పట్టించుకోరు. రెండో విడతకు నాలుగుసార్లు తిరిగాను. నిన్న ఒక వంతెన, ఆరు అస్థిపంజరాల ఫైలు ఇచ్చి వచ్చాను. ఈ వారం పెళ్ళిళ్ళు లేవట, శనివారానికల్లా ఇస్తామన్నారు.